వాకిట్లో ఫ్రాన్స్

"ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. అదొక్కటే షరతు," అంది గ్లెండా.

నెవిల్ బుద్ధిగా తలూపాడు. ఇంటి ముందు వాకిట్లో, గ్లెండా గులాబీల మీద పడాల్సిన ఎండనంతా అడ్డుకుంటూ, కొత్త మోటార్‌హోమ్ నిలబడి ఉంది. కొత్తదంటే వీళ్ళకి కొత్త. లోపల పొయ్యి, పడక, ఒక మనిషి ఒదిగి కూర్చునేంత మరుగుదొడ్డి ఉన్నాయి. జూన్ చివర్లో దాన్ని ఓడెక్కించి ఫ్రాన్స్ తీసుకెళ్ళాలి. దంపతులిద్దరూ ఇంతవరకూ ఇంగ్లండు దాటి ఎరగరు.

వాళ్ళ ఊరు బార్న్‌స్లీలో ఇలాంటి బండి కొన్నవాళ్ళు చాలామంది చేసే పనే ఇది. సముద్రం దాటేముందు కొన్నాళ్ళు సొంత వాకిట్లోనే బండిలో కాపురం పెడతారు. ఏది మర్చిపోయారో, ఏది పనిచెయ్యదో, ఎవరంటే ఎవరికి చిరాకో అక్కడే తేలిపోతుంది. మధ్యలో ఇంట్లోకెళ్ళి ఉప్పు తెచ్చుకున్నారా, ఓడిపోయినట్టే.

"ఏంటి నెవిల్, ఫ్రాన్స్ చేరిపోయావా?" పక్కింటి జెఫ్ కంచె మీంచి తొంగి చూశాడు.

"చేరాను. ఇక్కడా పక్కింట్లో నువ్వే. ఖర్మ!"

నెవిల్ నవ్వాడే కానీ లోపల బెరుకుగానే ఉంది. పెళ్ళైనప్పటి నుంచి గ్లెండాకి ఫ్రాన్స్ చూడాలని. పెళ్ళైనప్పటి నుంచి నెవిల్‌ది ఒకటే మాట, వచ్చే ఏడాది చూద్దామని. ఈలోగా అతను ఒక్క కప్పు కడిగిన పాపాన పోలేదు. తన మేజోళ్ళు ఏ సొరుగులో ఉంటాయో కూడా భార్యనే అడగాలి. పోయిన క్రిస్మస్ నాడు టర్కీ కోడిని కోస్తూ కోస్తూ గ్లెండా కత్తి కింద పెట్టేసింది. "నీతో బతికానో, నీకు వండి పెడుతూ ఉండిపోయానో నాకే తెలీట్లేదు నెవిల్," అంది. అరవలేదు, ఏడవలేదు. అందుకే అతనికి భయమేసింది. ఉద్యోగం నుంచి రిటైరవగానే వెళ్ళి ఈ బండి కొన్నాడు. ఈ ప్రయాణం చెడితే కాపురం కూడా చెడినట్టేనని అతనికి తెలుసు.

విచిత్రం ఏమిటంటే, బండి చూడగానే గ్లెండా ముఖం వెలిగిపోయింది. ఏర్పాట్లన్నీ తన నెత్తిన వేసుకుంది.

"చలికోటు ఎందుకే? వెళ్ళేది ఎండాకాలంలో కదా?"

"అక్కడి గాలిని నమ్మలేం. ఉండనీ. చొక్కాలు కూడా అన్నీ సర్దేశాను. దారిలో వెతుక్కుంటే దొరకవు."

"మరి నీవి?"

"నావెంతసేపు! చివర్లో చూసుకుంటాలే."

నెవిల్ పటం పరిచాడు. "అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి. నేను కూర్చునేదీ కుడివైపే కాబట్టి ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో నాకు కనపడదు. ఎడమపక్క కూర్చుని నువ్వే చూసి చెప్పాలి."

"దాటడం దేనికి? లారీ వెనకే మెల్లగా పో. నిన్నెవరూ తరమట్లేదుగా," అంది గ్లెండా.

మొదటి రాత్రి ఇద్దరూ బండిలోనే పడుకున్నారు. తెల్లారగానే కొత్త పాఠం మొదలైంది.

"దేశం కాని దేశంలో నేను మంచం పడితే ఏం చేస్తావ్? అన్ని పనులూ నీకు వచ్చి తీరాలి. ఇవాళ నాకు జ్వరం అనుకో."

జ్వరం వచ్చిన మనిషి ఎండలో కుర్చీ వేసుకుని, టీ తాగుతూ ఆజ్ఞలు జారీ చేసింది. నెవిల్ గ్యాస్ వెలిగించి గుడ్లు మాడ్చాడు. మళ్ళీ వెలిగించి ఈసారి కాస్త తక్కువ మాడ్చాడు. దుప్పట్లు మడిచాడు. ముక్కు మూసుకుని మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేసి కడుక్కొచ్చాడు. తన రక్తపోటు మాత్రల్లో ఏది పొద్దున వేసుకోవాలో, ఏది సాయంత్రమో తడుముకోకుండా ఒప్పజెప్పాడు.

జెఫ్ కంచె మీద మోచేతులు ఆనించి తమాషా చూస్తున్నాడు. "గ్లెండా, మీ ఆయన్ని ఒక వారం మా ఆవిడకి అద్దెకిస్తావా?"

"అద్దెకెందుకు, ఉంచేసుకోమను!"

ముగ్గురూ పగలబడి నవ్వారు.

మర్నాడు జ్వరం ముదిరింది. "ఇవాళ నన్ను ఆసుపత్రిలో చేర్చారనుకో," అని గ్లెండా చేతిసంచీ తీసుకుని ఇంట్లోకి నడిచింది.

"ఇంట్లోకి వెళ్ళకూడదన్నావుగా!"

"ఇది ఇల్లు కాదు, ఆసుపత్రి. సాయంత్రం చూడ్డానికి రా," అని తలుపేసుకుంది.

ఆ రోజంతా వాన. నెవిల్ ఒక్కడే తిన్నాడు, ఒక్కడే గిన్నెలు కడిగాడు. చొక్కా ఉతికి తలుపుకి ఆరేశాడు. నడుం పట్టేసి పడక అంచున కూలబడితే, ఇన్నేళ్ళూ ఆ మనిషి ఈ చాకిరీ అంతా ఎలా చేసిందా అనిపించింది. సిగ్గేసింది. ఆ చిన్న బండిలో ఆమె లేకపోవడం చాలా వెలితిగా ఉంది.

సాయంత్రం ఉల్లిపాయలు, చీజ్ వేసి ఆమ్లెట్ చేశాడు. ఒక్కచోట కూడా మాడలేదు. పళ్ళెం పట్టుకుని వెళ్ళి సొంత ఇంటి తలుపునే చుట్టంలా తట్టాడు.

గ్లెండా గుమ్మంలోనే నిలబడి తింది. ఒక్క ముక్క వదలకుండా తింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఎలా ఉంది?"

"బాగుంది. వంక పెట్టడానికేం లేదు."

"నిన్ను చాలా కష్టపెట్టాను గ్లెండా. ఫ్రాన్స్‌లో వంటంతా నాదే. నువ్వు సముద్రం చూస్తూ కూర్చో, చాలు."

ఆమె పళ్ళెం తిరిగి అతని చేతికిచ్చింది. నలిగిన కాలరు సరిచేసింది. ఆ చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో! నెవిల్‌కి ప్రాణం లేచొచ్చింది.

"అయితే పరీక్ష పాసయినట్టేనా?" అన్నాడు ఆశగా.

"ఒక్కడివే బతకగలవని నాకు నమ్మకం కుదిరింది నెవిల్, ఇంక ఇంటి తాళంచెవి ఇచ్చేసి నువ్వు బయల్దేరు."