అద్దాల బీరువా

"మళ్ళ చెప్పు బేటా, నాకు సమజ్ కాలే," అంది కుల్సుమ్ నానీమా, మంచం మీద బాసింపట్టు వేసుకుని.

మనవరాలు అతియా తల పట్టుకుంది. ఇంటర్వ్యూకు ఇంకా పావుగంట ఉంది. బల్ల మీద ల్యాప్‌టాప్‌లో లింకు తెరిచే ఉంచింది కానీ అవతలివాళ్ళు ఇంకా రాలేదు. తెర మీద తన ముఖం తనకే కనిపిస్తుంటే చూడలేక, కుర్చీ తిప్పి దానికి వీపు పెట్టి కూర్చుంది.

పైథాన్ ప్రోగ్రామింగ్ ఆమెకు కొట్టిన పిండి. చిక్కంతా నోటితోనే. కొత్తవాళ్ళు ప్రశ్న అడిగితే చాలు, తెలిసిందంతా ఆవిరైపోతుంది. అలాగే రెండు ఉద్యోగాలు చేజారాయి. ఇదీ పోతే బేగంబజార్‌లో మామూ స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చోవాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది. అందుకే నానీమా, "నాకు చెప్పు, నాతోని భయమేంది?" అని ఎదురుగా కూర్చుంది.

"పైథాన్‌ల డిక్షనరీ అంటే మన అద్దాల బీరువా అనుకో. డబ్బా మీద పేరుంటది, లోపల సరుకుంటది. పేరు చెప్తే సరుకు దొరుకుతది."

"మరి వ్యూ అంటే ఏంది?"

"బీరువాకున్న అద్దం."

"గదెందుకు? నా ఫోన్ల ఫోటో కొట్టుకుంటే సాలదా?"

"ఫోటో కొట్టినంక నువ్వు షాజీరా డబ్బా పెట్టినవనుకో. ఫోటోల కనిపిస్తదా?"

"గదెట్ల కనిపిస్తది?"

"అద్దంలకెల్లి చూస్తే కనిపిస్తది. గంతే! లోపల ఏది మారినా వ్యూల గప్పుడే తెలుస్తది. మాటిమాటికి కాపీ తియ్యాల్సిన పని లేదు. లక్ష డబ్బాలున్నా జాగా దండగ కాదు."

యాకుత్‌పురా స్టేషన్ వైపు నుంచి రైలు కూత ఇల్లంతా దద్దరిల్లేలా వినిపించింది. నానీమా జారిన దుపట్టాను గబగబా తల మీదికి లాక్కుని, పెదవుల మీద వేలు పెట్టి, అతియా భుజం మీదుగా గుడ్లురిమింది.

"ఎవరు నానీమా?"

"పిల్లి. లొల్లి చెయ్యకుండ కూసుంటది గని, నువ్వు చెప్పు."

పక్కింటి పిల్లి రోజూ వచ్చేదే. అతియా వెనక్కి తిరగలేదు.

"మన బీరువాల, పైన మీ అమ్మీ బీరువాల, రెండిట్ల ఉన్నవేవో తెల్వాలంటే?" అంది నానీమా, ఎందుకో కాస్త గొంతు పెంచి.

"రెండిటి పేర్ల వ్యూలు తీసుకొని నడుమ ఒక్క గుర్తు పెడితే సాలు. రెండిట్ల ఉన్న పేర్లే బయటికొస్తయి. గిట్ల చూసుకుంటే పోయిన నెల ఇంట్ల ఖస్‌ఖస్ డబ్బా ఉండంగ మళ్ళ కొనుక్కొచ్చేదానివా?"

"నన్నే అంటవా! సరే, అద్దంలకెల్లి చూసుకుంట డబ్బాలు లెక్కవెడ్తున్న. గంతల ఎవరన్న ఒక డబ్బా తీసేస్తే?"

"లెక్క నడుమల ఆగిపోతది, ఎర్రర్ వస్తది. డబ్బాలు తీసేది ఉంటే ముందుగాల పేర్లు కాపీ తీసుకొని, దాన్ని చూసుకుంట తియ్యాలె. గప్పుడు నీ ఫోటోనే నయం."

"చూసినవా, నా ఫోటో గుడ పనికొస్తది," అని నానీమా మురిసిపోయింది.

అతియా పకపకా నవ్వింది. ఇంత హాయిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! అంతలో గోడ గడియారం మీద చూపు పడింది. నవ్వు ఆగిపోయింది.

"నాతోని కాదు నానీమా. మామూకు ఫోన్ చెయ్యి, దుకాణానికి వస్తనని చెప్పు."

"చెప్త తియ్. ముందుగాల గటు తిరుగు."

అతియా కుర్చీ తిప్పింది. తెర మీద కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాడు.

"ఇంటర్వ్యూ అయిపోయిందమ్మా, సోమవారం వచ్చి చేరండి."