ఏ ఎడిటర్ వాడతావ్?

ఉన్నది ఒక్క ఉద్యోగం. అదీ నరసరావుపేటలో. ఇంట్లో అన్నం తిని, నడిచి వెళ్ళి కోడు రాసుకునే ఉద్యోగం. ఎవరు వదులుకుంటారు?

పదింటికి ఇంటర్వ్యూ అంటే సుహైల్ పావుగంట ముందే వినుకొండ నుంచి వచ్చేశాడు. మూడో అంతస్తులో ఆఫీసు తలుపు తెరిచే ఉంది. పెద్ద టేబుల్ వెనక, ఇస్త్రీ చొక్కాలో బాజీ కూర్చుని ఉన్నాడు.

"గుడ్ మార్నింగ్ సార్. ఇంటర్వ్యూకి..."

"కూర్చో. కోడు రాయడానికి ఏ ఎడిటర్ వాడతావ్?"

"వీఎస్ కోడ్ సార్."

బాజీ ముఖం చిట్లించాడు. "అది ఎడిటరా, కోటప్పకొండ తిరనాళ్ళ ప్రభా? అన్ని రంగులేంది, అన్ని లైట్లేంది! నువ్వు సగం పదం కొడితే మిగతా సగం అదే రాస్తది. దాన్నే ఇంటర్వ్యూకి పంపకపోయావా?"

సుహైల్ సర్టిఫికెట్లు సర్దుకుని లేచాడు.

తర్వాత కారంపూడి కీర్తన. ఆమె వాడేది విమ్ ఎడిటర్. "మౌస్ ముట్టుకోను సార్. అంతా కీబోర్డు మీదే," అంది గర్వంగా.

"ముట్టుకోవా? మడి కట్టుకున్నావా ఏందమ్మా?"

"ఏ ఎడిటరైతే ఏంది సార్? కోడు నడవాల గదా!"

"నడుస్తది. చెప్పుల్లేకుండా మాచర్ల దాకా గూడా నడవొచ్చు. ఎవరన్నా నడుస్తారా?"

కీర్తనకు ఒళ్ళు మండింది. "ఇక్కడ చేసేకంటే మిరపకాయలు కోసుకోటం నయం!" అని తలుపు దభీమని వేసి పోయింది.

మూడోవాడు బాబీ. నోట్‌ప్యాడ్ అన్నాడు.

"పచారీ చీటీ రాసుకునేదా?"

"మరి మీరేది వాడతారు సార్?"

"ఒరేయ్, అడిగేది నువ్వా నేనా?"

బాబీ చెమట తుడుచుకున్నాడు. "పోనీ, మీరు చెప్పిందే నేర్చుకుంటా సార్."

"అంతేనా నీ అభిమానం? తన ఎడిటర్‌ని తిడతా ఉంటే ఊరుకునేవాడు ప్రోగ్రామరేందిరా? పో, చానా చూశా నీబోటోళ్ళని."

బాబీ తల వంచుకుని మెట్లు దిగాడు.

పదకొండయింది. ఎవరో ఆయాసపడుతూ మెట్లెక్కుతున్న చప్పుడు. బాజీ గబుక్కున లేచి నిలబడ్డాడు.

చెన్నకేశవరావు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి, టేబుల్ వెనక ఖాళీ అయిన తన కుర్చీలో కూలబడి, "రైలు గేటు పడిందబ్బాయ్, ఏమనుకోమాక... నలుగుర్ని రమ్మంటే, ఇంటర్వ్యూకి నువ్వొక్కడివే వచ్చావా?" అన్నాడు.