ఆ ఇంటివాళ్ల మనసు

శుక్రవారం ఉపవాస ప్రార్థన. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో హెప్సీబా ఫ్లాటు. పక్కవాళ్లకు వినపడకూడదని కర్టెన్లు మూసి, చప్పట్లు లేకుండా, గొంతు తగ్గించి పాడుకున్నారు ఆడవాళ్లంతా. పొద్దుట్నుంచి ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పాట అయ్యాక నర్సు సువార్త లేచి నిలబడింది. ఒక తల్లి కోసం ప్రార్థన చేయాలంది. ఇళ్లలో పనికి వచ్చిన మనిషట. ఊళ్లో ఒక్కగానొక్క కొడుకు చావుబతుకుల్లో ఉన్నాడు. ఇవాళ బయల్దేరితే ప్రాణంతో చూస్తుందని డాక్టర్లు చెప్పారు. ఇక్కడ సువార్త హాస్పిటల్లో నర్సులంతా కలిసి సాయంత్రం విమానానికి టికెట్ తీశారు. కానీ పాస్‌పోర్టు ఆమె పనిచేసే ఇంటివాళ్ల దగ్గరుంది. అడిగితే, ఊరికి పోవడానికి సాకులు చెబుతున్నావని కొట్టిపారేశారట.

గదిలో అందరూ అయ్యో అన్నారు. హెప్సీబా ముఖం ఎర్రబడింది.

"కన్నకొడుకు మీద ఎవరైనా అబద్ధమాడతారా? అరబ్బీ ఇల్లేనా?"

సువార్త కాసేపు ఆమెనే చూసింది.

"ఎవరిల్లయితేనేమండి. వాళ్ల మనసు మెత్తబడాలి."

పేరైనా చెప్పమన్నారు. పేరు బయటపడితే తనను ఆ ఇంట్లో బతకనివ్వరని ఆ తల్లి కాళ్లావేళ్లా పడిందని, చెప్పలేనని అంది సువార్త.

హెప్సీబా చల్లటి గచ్చు మీద మోకరించింది. ప్రార్థనలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు మస్కట్ మొత్తంలో లేరని పేరు. ఆ ఇంటివాళ్ల రాతిగుండె కరిగించమని వేడుకుంది. ఆ తల్లి కడుపుకోత నాకు ఇవ్వు ప్రభువా, నేను మోస్తాను అంది. వెక్కి వెక్కి ఏడ్చింది. నటన అనుకునేరు, కాదు. ఆ కన్నీళ్లకు ఎవరూ వంక పెట్టలేరు.

అందరూ ఏడ్చారు, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న కడప రామసుబ్బమ్మ తప్ప. ఆమె ఆమెన్ కూడా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గచ్చు వైపే చూస్తూ ఉంది. మధ్యలో గంజి మాడుతుందేమోనని ఎవరో అంటే, లేచి వెళ్లి పొయ్యి తగ్గించి వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.

హెప్సీబాకు అది నచ్చలేదు. కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగింది.

"ఇంకొకరి బాధకు ఏడవడం కూడా ఒక కృపే సుబ్బమ్మా. ఆ తల్లి కోసం నువ్వూ ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగినాను" అంది రామసుబ్బమ్మ. "మళ్లీ అడిగేది నాకు చాతగాదు."

ఇంత గుండె బండబారితే ఎలా అని హెప్సీబా నిట్టూర్చింది. ఆమె కోసం కూడా రెండు మాటలు ప్రార్థించింది.

మధ్యాహ్నం దాటాక గంజి తాగి ఉపవాసం విడిచారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి గుమ్మం దగ్గర సువార్త మిగిలింది. చెప్పులు వేసుకుంది గానీ అడుగు పడలేదు.

"విమానానికి ఇంకా టైముందండి" అంది.

హెప్సీబా ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అనుమానం పెట్టుకోకు. అడిగాక నమ్మాలి. ఆ పాస్‌పోర్టు ఈపాటికి ఆమె చేతిలో ఉన్నట్టే."

సువార్త ఇంకేదో అనబోయి, ఆమె భుజం మీదుగా వంటింట్లో గిన్నెల చప్పుడు వైపు ఒకసారి చూసి, తల వంచుకుని లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

హెప్సీబా తలుపు గడియ పెట్టి, తేలికపడిన మనసుతో పడకగదిలోకి వెళ్లి, బీరువా తెరిచి, బైబిలును ఎప్పటిలాగే రామసుబ్బమ్మ పాస్‌పోర్టు మీద పెట్టి తాళం వేసింది.