ఆరని ఎర్రలైటు

"పెద్దనాయినా, బండిల ఈ బ్యాటరీ ఎర్రలైటు ఆరుతనే లేదు. జర వచ్చి చూడరాదా?"

అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్న మాసయ్య కదల్లేదు. గేటు లోపల పాత తెల్లకారు బానెట్ ఎత్తిపెట్టి, రోజా ఆయన వైపే చూస్తోంది. వనపర్తికి బదిలీ మీద వచ్చి, వారం కిందటే ఆ ఇంటి పైవాటాలో అద్దెకు దిగింది.

"నాకు కండ్లు సక్కగ కనబడయి బిడ్డా. మెకానిక్‌ను పిలుసుకో."

"సోమవారం దాక రానన్నడు. రేపు పొద్దుగాల గద్వాల పోవాలె. మా అక్క బిడ్డను తొట్టెలల ఏసే పండుగ. పోకుంటే మా అక్క ఊకుంటదా?"

మాసయ్య జీవితమంతా వనపర్తికీ రాయచూరుకూ మధ్య జీపు తోలినవాడు. చూపు మసకబారి, ఇక స్టీరింగ్ పట్టొద్దని డాక్టరు చెప్పాక జీపును అమ్మేశాడు. అప్పటినుంచి ఆయనకు అరుగూ మంచమే లోకం. అడిగితే మాట, పెడితే తిండి. "ఇంట్ల మనిషున్నట్టే లేదు బిడ్డా" అని ఆయన భార్య విజయమ్మ నిన్ననే నల్లా దగ్గర రోజాతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

రోజా పానా అందుకుంది. "సరే, నేనే ఏదో ఒకటి ఇప్పుత. బ్యాటరీ మీది ప్లస్ వైరు ముందు తీయాలె గదా?"

"ఆగు!"

మాసయ్య లేచి నిలబడ్డాడు. "ముందు మైనస్ తీయాలె. ప్లస్ మీద పానా పెట్టినప్పుడు అది బాడీకి తాకితే నిప్పులు లేస్తయి. ఎవరు నేర్పిన్రు నీకు?"

"ఎవ్వరు నేర్పలే. అందుకే గదా నిన్ను పిలుస్తున్న."

ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు. ఆ అలికిడికి విజయమ్మ గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఏంది సూస్తున్నవ్? మంచం కింద సంచి తీస్కరాపో," అన్నాడు మాసయ్య.

దుమ్ము పట్టిన సంచిలోంచి పానాలతో పాటు చిన్న మీటరు ఒకటి బయటపడింది.

"ఇది వోల్టులు సూసేది. ఎర్రతీగ ప్లస్‌కు, నల్లతీగ మైనస్‌కు పెట్టు. అంకె నాకు కనబడదు, నువ్వు సదువు."

"పన్నెండున్నర."

"ఇప్పుడు బండి స్టార్ట్ చేసి సూడు."

రోజా స్టార్ట్ చేసి వచ్చి మళ్లీ చూసింది. "ఇంకా తగ్గింది పెద్దనాయినా. పన్నెండే ఉంది."

"పెరగాలె. పద్నాలుగు దాటాలె. ఇంజన్ తిరుగుతుంటే ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాలె. నీ బండిల బ్యాటరీ ఖర్చయితుంది గని, నిండుత లేదు. గిట్లనే పోతే పెబ్బేరు దాటకముందే ఆగుతవు."

"అయితే కొత్త ఆల్టర్నేటర్ కొనాల్నా?"

"గదే తొందర! ముందు చెవి పెట్టి ఇను."

ఇద్దరూ విన్నారు. ఇంజన్ చప్పుడు మధ్యన పిట్టపిల్ల అరిచినట్టు సన్నటి కీచు.

"బెల్టు జారుతుంది," అన్నాడు మాసయ్య. ఆయన ముఖం వెలిగింది. "బండి ఆపు. తాళంచెవి నా చేతికియ్యి. చున్నీ నడుముకు చుట్టు. బెల్టు దగ్గర ఏలాడే బట్ట ఉండొద్దు."

మైనస్ వైరు తీయించి, బెల్టును బొటనవేలితో నొక్కాడు. అది ఉయ్యాలలా లోపలికి పోయింది. లోపలివైపు గాడుల మీద వేలు నడిపించాడు. "పగుళ్లు లేవు. బిగిస్తే సాలు." తర్వాత ఆల్టర్నేటర్ వెనక తడిమాడు. "ఈడ వైరు నట్టు గూడ వదులైంది సూడు. రా, బిగియ్యి."

రోజా పానా పెట్టి తిప్పింది.

"అటు గాదు బిడ్డా, ఇటు! నా జీపు క్లీనర్ నీకంటె నయముండె!"

రోజా నవ్వింది. గుమ్మంలో విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాసయ్య బెల్టును గుంజి పట్టుకుంటే, రోజా బోల్టు బిగించింది. మధ్యలో పానా రెండుసార్లు జారవిడిచింది. రెండుసార్లూ తిట్లు తింది.

మైనస్ వైరు మళ్లీ తగిలించి బండి స్టార్ట్ చేయగానే ఎర్రలైటు ఆరిపోయింది.

"ఆరింది పెద్దనాయినా!"

"లైటును నమ్మొద్దు. మీటరు సూడు."

"పద్నాలుగు దాటింది!"

"హెడ్‌లైట్లు ఎయ్. ఫ్యాను ఎయ్."

"అయినా దిగుత లేదు!"

మాసయ్య చేతుల మసిని లుంగీకి తుడుచుకుని, ప్రహరీ మీదుగా పక్కింటి దశరథాన్ని కేకేసి పిలిచాడు. జరిగిందంతా మొదటినుంచి చెప్పాడు. ఆ రాత్రి అడగకముందే ఇంకో జొన్నరొట్టె వేయించుకున్నాడు.

"దారిల మళ్ల లైటు వెలిగితే నేనేం జేయాలె? నువ్వు గూడ రావాలె," అని రోజా పట్టుబట్టడంతో, మర్నాడు మాసయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందుసీట్లో కూర్చున్నాడు. విజయమ్మ వెనకసీట్లో కూర్చుంది. గద్వాల దాకా ఆయన నోరు మూయలేదు. ఒకసారి పెళ్లివాళ్లను తీసుకుపోతూ కృష్ణ వంతెన మీద జీపు ఆగిపోతే, పెళ్లికొడుకుతోనే తోయించిన సంగతి చెప్పి తనే పగలబడి నవ్వాడు. తొట్టెల్లో పాపను ఎత్తుకుని ఫొటో కూడా దిగాడు.

తిరిగి వస్తుంటే, ఇంజన్ చప్పుడు వింటూ హాయిగా వెనక్కి వాలాడు.

"గివన్ని ఏ బడిల నేర్పరు బిడ్డా. చేతికి మసి అంటితెనే వస్తయి."

"అవును పెద్దనాయినా," అంది రోజా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మర్నాడు పొద్దున ఐటీఐలో మోటారు మెకానిక్ విద్యార్థులకు రోజా మేడమ్ ఆల్టర్నేటర్ పాఠం మొదలుపెట్టింది.