ఎవరి వైపు కూర

టైపిస్టు స్టీలు డబ్బా తెచ్చి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది. పెట్టిన చేతిని రుమాలుతో తుడుచుకుంది.

"ఇదిగో సార్, సాక్ష్యం. ఇవాళ అటో ఇటో తేల్చండి."

ఆమె వెనక రికార్డుల బాబాయి నిలబడ్డాడు. అతని చేతిలో ఒక కాగితం ఉంది. కొత్తమ్మాయి తెస్తున్న కూర వాసనకు భోజనాల గదిలో కూర్చోలేకపోతున్నామని, నెల రోజులు ఓర్చుకున్నామని, ఇక తమ వల్ల కాదని రాసి ఉంది. కింద పదకొండు సంతకాలు.

"ఇక్కడ ఎవరి వైపు వంట వాళ్లు తెచ్చుకుంటారు సార్. నేను పప్పు తెస్తాను. ఈవిడ గడ్డకూర తెస్తుంది. ఎవరైనా ఎవర్నైనా ఏమన్నా అన్నామా? ఇది మాత్రం మూత తీస్తే ఫైళ్లు కూడా ముక్కు మూసుకుంటున్నాయి."

"మధ్యలో నా గడ్డకూరకేమొచ్చింది బాబాయ్?"

"ఏమీ రాలేదమ్మా. రుచితో సహా."

సూపరింటెండెంటు నవ్వలేదు. డబ్బాలో ఏముందో మూత తీయకుండానే అతనికి తెలిసిపోయింది. ఎండుచేప, పుల్లటి ఆకుకూర. సముద్రం వైపు వాళ్ల కూర. అతనిదీ సముద్రం వైపే. ఆ సంగతి ఈ ఆఫీసులో ఎవరికీ తెలియదు. మీది ఏ ఊరని అడిగితే పుట్టి పెరిగింది ఇక్కడే అని చెబుతాడు.

నోట్లో నీళ్లూరాయి. గుటక వేశాడు. ఆ చప్పుడు వాళ్లకు వినపడిందేమోనని దగ్గాడు.

"అసలు మీరెలా భరిస్తున్నారు సార్? మీ గది పక్కనే కదా," అంది టైపిస్టు.

"మా ఇంట్లో ఇలాంటివి పొయ్యి ఎక్కవు," అన్నాడు. అన్నాక చెవులు వేడెక్కాయి. అది అబద్ధం కాదు. ఎక్కనివ్వనిది తనే.

"డబ్బా ఇక్కడే ఉండనివ్వండి. ఆ అమ్మాయిని పంపండి."

కొత్తమ్మాయి వచ్చి బల్లకు ఎదురుగా నిలబడింది. ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం అప్పటికే అతని ముందు ఉంది. ఆరు నెలల గడువు ఆ రోజుతో సరి. కాగితంలో చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది: తోటి ఉద్యోగులతో మెలిగే తీరు.

"కూర్చోమ్మా."

ఆమె కూర్చోలేదు. బల్ల మీద డబ్బాను చూసి తల వంచుకుంది.

"ఇది నీదేనా?"

"నేనే తెచ్చాను సార్."

"పదకొండు మంది సంతకాలు పెట్టారు. నువ్వు పని బాగా చేస్తావు, కాదనను. ఒక్క కూర కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా? ఇక తేనని ఒక ముక్క రాసివ్వు. ఇప్పుడే దీని మీద సంతకం పెట్టేస్తాను."

"రాసివ్వలేను సార్."

"ఇంటి కూర మీద బెంగ ఉంటుంది. అర్థం చేసుకోగలను. సెలవు రోజు తలుపులేసుకుని వండుకో. ఎవరొద్దన్నారు?"

"ఇది మా ఇంటి కూర కాదు సార్. మాది కొండ వైపు. మాకు జొన్నలు, చిక్కుళ్లు తప్ప సముద్రం చేప తెలీదు. మొదట్లో నాకూ గొంతు దిగేది కాదు."

అతని చేతిలో కలం ఆగింది.

"మరి ఎవరు వండుతున్నారు?"

"మా వెనక వీధి నుంచి ఒక పెద్దావిడ వస్తారు సార్. వాళ్లింట్లో ఇది వండకూడదట. పొద్దున్నే నడకకని చెప్పి బయల్దేరి మా ఇంటికొస్తారు. మా పొయ్యి మీద వండుతారు. అయ్యాక నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటారు. వాసన పోయిందో లేదో చూడమని నా ముక్కు దగ్గర పెడతారు. పోయిందంటే అప్పుడు ఇంటికెళ్తారు."

"దొంగతనం చేసినట్టు?"

"అంతే సార్. ఒకరోజు వానొచ్చింది. పొడిగా వెళ్తే నడకకి వెళ్లానన్న మాట ఇంట్లో నమ్మరని తడుస్తూనే వెళ్లారు. గొడుగిస్తానంటే ఎవరిదని అడుగుతారేమోనని వద్దన్నారు."

"కన్నవాళ్లని ఇలా బాధ పెట్టేవాళ్లకి సిగ్గుండాలి," అన్నాడు. మాట నోరు దాటాక కాగితం మీదికి వంగాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

గది బయట టైపిస్టు, బాబాయి అటూ ఇటూ తిరుగుతున్నారు. అద్దం తలుపులోంచి వాళ్ల నీడలు కనిపిస్తున్నాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, వాళ్లింటి సంగతి మనకెందుకు? పరాయి ఆవిడ కోసం నువ్వు మాట పడక్కర్లేదు. రేపటి నుంచి రావద్దని ఆవిడకి చెప్పు. చెబుతానని మాటివ్వు, చాలు. కాగితం కూడా అక్కర్లేదు."

"ఆ మాట నేను చెప్పలేను సార్."

"చెప్పకపోతే నేను సంతకం పెట్టలేను. నా చేతుల్లో లేదు."

కొత్తమ్మాయి కళ్లు తుడుచుకుంది. రెండు చేతులతో డబ్బాను అతని వైపు జరిపింది.

"అయితే మీరే చెప్పండి సార్, ఇంటికెళ్లాక. మీకివ్వడానికి ధైర్యం చాలక రోజూ నేనే తింటున్నాను కానీ, మీ అమ్మగారు నెల రోజులుగా ఇది పంపుతున్నది మీకే."