ఇలాంటి డిస్కు ఎక్కడా ఉండదు

"నాలుగింటికి పంపొద్దు. ఆపెయ్," అంది నీబియా.

వాల్దెమార్ గడియారం చూశాడు. మూడూ నలభై. నాలుగింటికి రక్తనిధిలో పాత యంత్రం ఆపేస్తారు. ఏ సంచీలో ఏ గ్రూపు రక్తముందో రాసుకున్న చిట్టా అంతా ఒకే డిస్కు ఫైలుగా కట్టి ఉంచారు. దాన్ని విప్పి చదివి కొత్త యంత్రంలోకి దించేది వాల్దెమార్ రాసిన ప్రోగ్రామ్. సాయంత్రం ఆపరేషన్లకి ఆ కొత్త చిట్టా చూసే రక్తమిస్తారు. ఇప్పటికే రెండుసార్లు గడువు అడిగాడు. మూడోసారి అడగడానికి నోరు రాదు.

"ఎనిమిది రోజులు నీ యంత్రం నా ప్రోగ్రామ్‌ని కుళ్ళబొడిచింది. ఒక్క గీత పడలేదు. ఇవాళేమొచ్చింది నీకు?"

"విత్తనం మార్చాను. రెండు నెలలుగా అడుగుతుంటే రక్తనిధి వాళ్ళు తమ అసలు డిస్కు ఇవాళ మధ్యాహ్నానికి పంపారు. దాన్ని వేసి మొదలుపెట్టి, వేణ్ణీళ్ళు తెచ్చుకుని వచ్చేసరికి తెర ఎర్రగా ఉంది."

నీబియా జీతం తీసుకునేది చెడగొట్టడానికే. ఒక మంచి డిస్కుని విత్తనంగా వేస్తే, ఆమె యంత్రం అక్కడో అంకె ఇక్కడో అక్షరం మార్చి లక్షలకొద్దీ అవకతవక డిస్కులు పుట్టిస్తుంది. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి వరసగా ప్రోగ్రామ్ ముందు పడేస్తుంది. దేన్ని మింగలేక ప్రోగ్రామ్ పడిపోతుందో చూడాలి.

"ఏమైందట?"

"విషయసూచికలో మూడు వేల పేజీలున్నాయని రాసుంది. లోపల రెండు వేల తొమ్మిది వందలే. నీ ప్రోగ్రామ్ లేని పేజీ తిప్పబోయింది. ఊరికే పడిపోయినా బాగుండేది. ఒక సంచీ గ్రూపు తీసి ఇంకో సంచీ మీద రాసి మరీ పడింది."

వాల్దెమార్ నవ్వాడు. నవ్వు సరిగ్గా రాలేదు. "లేని పేజీలున్నాయని ఏ డిస్కు చెప్తుంది తల్లీ? నీ యంత్రం గిల్లితే తప్ప?"

"ఏమో. పాతవి. ఎవరెవరి చేతులు పడ్డాయో."

"పాతవైతే మాత్రం? మా అమ్మమ్మకి తొంభై. ఆవిడ కూడా తన పళ్ళు లెక్క తప్పకుండా చెప్తుంది."

"ఉన్నవెన్ని?"

"రెండు."

నీబియా చంకలో ఫ్లాస్కు అలాగే ఉంచుకుని మాతే ఆకు వేసిన సొరకాయ బుర్రలో వేణ్ణీళ్ళు పోసి అతనికిచ్చింది. అతను గొట్టంతో ఒక్క పీల్పులో తాగి, "గ్రాసియాస్" అని తిరిగిచ్చేశాడు. థాంక్స్ చెప్పి బుర్ర తిరిగిస్తే ఇక చాలని. మాటలు కూడా చాలని.

అధికారిణి ఎలీదా తలుపు దగ్గరికొచ్చింది. ఫోను చెవి దగ్గరే ఉంది. "వాల్దెమార్, వాళ్ళు లైన్లో ఉన్నారు. పాత యంత్రం ఆపెయ్యమననా?"

"నీబియాకి ఒక తప్పు దొరికిందట. ఉత్తుత్తిది. కాగితం రాసిచ్చేస్తా, ఒక్క నిమిషం."

ఆ ఆఫీసులో పద్ధతి అది. తప్పు దిద్దకుండా పంపాలంటే, అలాంటి డిస్కు బయట ఎవరి దగ్గరా ఉండదని ప్రోగ్రామ్ రాసినవాడే రాసివ్వాలి. వాల్దెమార్ కాగితం లాక్కున్నాడు.

"సంతకం పెడితే నీ మీదే ఉంటుంది, అబ్బాయ్," అంది నీబియా మెల్లగా.

"ఉండనీ. నీ యంత్రం పీడకల కని లేస్తే, దానికోసం రక్తనిధి మూసుకుని కూర్చోవాలా?"

'ఇలాంటి డిస్కు ఎక్కడా ఉండదు' అని పెద్ద అక్షరాలతో రాశాడు. కింద సంతకం గీకాడు. చెమట చేత్తో పట్టుకుంటే కాగితం మూల తడిసింది.

"త్వరగా," అంది ఎలీదా. "మీట మీద వేలు పెట్టుకుని ఉన్నాడట అక్కడి మనిషి."

"అయిపోయింది. నంబరు గడి ఒక్కటే మిగిలింది. ప్రోగ్రామ్‌ని పడగొట్టిన డిస్కు నంబరెంత, నీబియా? ఏ నలభై లక్షలో చెప్పు, రాసుకుంటా."

నీబియా తన బల్ల దగ్గరికెళ్ళి తెర మీదికి వంగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. మళ్ళీ చూసింది.

"చెప్పవేం?"

"సున్నా," అంది. "వాళ్ళు పంపిన అసలు డిస్కే. నా యంత్రం ఇంకా ముట్టుకోనిది."