రెండో మోరీ

మద్దిలేటికి కూడా మోరీ పని ఇచ్చారని వినగానే ఈరప్ప నోట్లో వక్క చేదెక్కింది.

కొత్తచెరువు రోడ్డు వంకలు దాటే చోట, కింద నీళ్లు పోవడానికి రెండు మోరీలు కట్టాలి. కరువు పనుల కింద మంజూరైనవి. టెండరు బళ్లారి కాంట్రాక్టరు పేరు మీద ఉంటుంది. ఎండలో నిలబడి కట్టేది మాత్రం ఆయన కింద గుత్తకు తీసుకున్నవాళ్లు. ఇన్నేళ్లుగా ఈ చుట్టుపక్కల ఆ గుత్త ఈరప్పది. ఈసారి మొదటి మోరీ ఈరప్పకు, రెండోది మద్దిలేటికి.

"వానికి తాపీ పట్టేది నేర్పిచ్చింది ఎవరప్పా?" కూలీల ముందు అరిచాడు ఈరప్ప. "నిన్నటిదాకా ఇసుక మోసిన నా కొడుకు, ఈ పొద్దు నాకు సమానమా?"

ముసలి బసప్ప రాయి చెక్కడం ఆపి, "నువ్వే అట్లంటే ఎట్లన్నా?" అన్నాడు.

మద్దిలేటి పనిలో చేరిన రోజునే ఈరప్ప కట్టడి చేశాడు. "ఈడ అందరికీ నేను మేస్త్రీని. నీకూ అంతే." మద్దిలేటి ఆ మాట దాటలేదు. పోయిన కరువులో గుంపు నుంచి విడిపోయి సొంతంగా గుత్తలు పట్టేటప్పుడు కూడా, "పోయొస్తా మేస్త్రీ" అనే వెళ్లాడు.

ఈరప్ప గుత్తదారుగా నిలదొక్కుకోవడానికి సగం జీవితం పట్టింది. వానలొస్తే కరువు పనులు ఆగిపోయేవి. ఇంజనీరు మారితే మళ్లీ కొత్తగా చేతులు కట్టుకుని నిలబడాలి. తన పేరు మీద కాంట్రాక్టరు రిజిస్ట్రేషను, మధ్యలో ఎవరూ లేకుండా సర్కారు పని. అదొక్కటే అతని ఆశ. ఇంతలో వీడొచ్చాడు.

ఇక ఈరప్ప కళ్లు తన మోరీ మీద నిలవలేదు. ఇంజనీరు జీపు మొదట మద్దిలేటి మోరీ దగ్గరే ఆగేది. తన కూలీలు కూడా ఒకరొకరే అటు జరిగారు. మద్దిలేటి ఎద్దుల బండి మీద నీళ్లు తోలించి, సిమెంటు గట్టిపడేందుకు గోడలకు తడి గోనెలు కప్పించాడు.

"మనకు తాగను నీళ్లు లేవు. వాడు గోడకు తాపుతాండాడు," అని ఈరప్ప ఉమ్మేశాడు.

ఇంట్లోనూ అదే మంట. ఈరప్ప భార్య ఓబమ్మ పొద్దున్నే రెండు సద్ది మూటలు కట్టింది.

"రెండోది ఎవరికి?"

"మద్దిలేటికి. ఎండకు మాడిపోతాండాడు."

"వాడు అడిగినాడా?"

"అడగల్లా నన్ను?" అంది ఓబమ్మ. సంగటిలో నెయ్యి ఎవరి మూటలో ఎక్కువ పడిందో ఈరప్ప చూడనే చూశాడు.

ఆ సాయంత్రమే ట్రావెలర్స్ బంగళాకు వెళ్లి, కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు ముందు నిలబడ్డాడు.

"సార్, రెండో మోరీలో సిమెంటు లేదు. సర్కారు మూటలు ధర్మవరంలో బ్లాకులో అమ్ముకున్యాడు."

సిమెంటు సర్కారు కంట్రోలులో, పర్మిట్ల మీదే దొరికే రోజులవి. ఇంజనీరు కుర్చీలో ముందుకు వంగాడు.

"నిజమైతే అతను జైలుకి వెళ్తాడు. తెలుసా?"

ఈరప్పకు తడి గోనెలు గుర్తొచ్చాయి, మొదట అక్కడ ఆగే జీపు గుర్తొచ్చింది.

"పోతే పోనీ సార్," అన్నాడు.

సంగతి తెలిసి మరుసటి పొద్దున ఓబమ్మ పొయ్యి ముట్టించలేదు. మొగుడి కంటే ముందే నడిచి వెళ్లి రెండో మోరీ దగ్గర, మద్దిలేటి పక్కన నిలబడింది. కొంగుతో అతని నుదుటి చెమట తుడిచింది. అందరూ చూస్తుండగానే. ఈరప్ప పళ్లు పటపటలాడాయి.

"పగలగొట్టండి," అన్నాడు ఇంజనీరు జీపు దిగి, గోడ చూపిస్తూ.

గడ్డపార దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. రాయి పెచ్చులూడింది గానీ సందులోని సిమెంటు కదల్లేదు. ఇంకోచోట కొట్టారు. అక్కడా అంతే. ప్రతి సందూ నిండుగా, గట్టిగా ఉంది. తన మోరీలో అంత లేదని ఈరప్పకు తెలుసు. అక్కడే రాళ్ల కుప్ప మీద కూలబడ్డాడు. కూలీలంతా తలలు వంచుకున్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు.

"ఇలాంటి పని నేనెక్కడా చూడలేదు," అన్నాడు ఇంజనీరు మద్దిలేటితో. "వచ్చే పని నేరుగా నీకే ఇస్తాను. రిజిస్ట్రేషన్ నేను చేయిస్తా. అబద్ధం చెప్పిన ఈ మనిషి మీద నువ్వు కేసు పెట్టు."

"వద్దు సార్."

"నిన్ను జైలుకి పంపాలని చూశాడయ్యా!"

"అయినా వద్దు సార్."

ఇంజనీరు ఆశ్చర్యంగా తల ఊపి, జేబులోంచి పెన్ను తీశాడు. "సరే, నీ ఇష్టం. రిజిస్ట్రేషన్‌కి రాసుకోవాలి. మీ నాన్న పేరు చెప్పు."

మద్దిలేటి మెల్లగా చేయెత్తి, "ఈరప్ప సార్, ఆడ రాళ్ల మీద కూచున్నాడే, ఆయప్పే మా నాయన," అన్నాడు.